కుక్కకు మెడికల్ పాలసీ: ఈఎంఐలు నడుస్తున్న ఇంటికి ఏ మేరకు పనికొస్తుంది?

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు టైం కలిసొస్తుంది. కుక్క చిన్న వయసుది, టీకాల పుస్తకంలో ఖాళీలు లేవు, ఇంట్లో క్రెడిట్ కార్డు బకాయి నెలనెలా మిగలట్లేదు అంటే పెట్ ఇన్సూరెన్స్ తీసుకోదగ్గదే. కార్డు బకాయి మోస్తున్న ఇంటికి మాత్రం అది అనుకున్నంత ఆసరా ఇవ్వదు. ప్రీమియం ఎక్కువై కాదు. ఆస్పత్రిలో డబ్బు కట్టాల్సిన రోజు వేరు, కంపెనీ డబ్బు ఖాతాలో పడే రోజు వేరు. అప్పుల్లో ఉన్న ఇంటికి చిక్కంతా ఆ రెండు తేదీల మధ్యే.

కుక్కల బీమా అని అమ్మేవాటిలో రెండు రకాలున్నాయి. ఈ తేడా చూసుకోకుండా కొన్నవాళ్లే తర్వాత ఎక్కువ తిట్టుకుంటారు. మొదటిది పశువుల బీమా పద్ధతిలో నడిచే పాత రకం. గేదెకు కట్టినట్టే కుక్కకూ ఒక విలువ కట్టి, అది చనిపోతే ఆ సొమ్ము ఇస్తారు. ఆస్పత్రి బిల్లుతో దానికి సంబంధం లేదు. పైగా విలువ అంటే మార్కెట్ ధర. వీధిలోంచి తెచ్చి పెంచుకున్న దేశీ కుక్కకు మార్కెట్ ధర ఎవరు కడతారు?

రెండోది వైద్యం ఖర్చు ఇచ్చే రకం. 2020లో బజాజ్ అలయంజ్ తెచ్చిన పెట్ డాగ్ ఇన్సూరెన్స్ ఈ కోవలోదే. జాతి కుక్కలతో పాటు దేశీవి, క్రాస్ బ్రీడ్లూ ఇందులోకి వస్తాయి. మూల పాలసీలో ఉండేది సర్జరీ, ఆస్పత్రిలో చేరిక ఖర్చు. మరణం, ప్రాణాంతక జబ్బులు, దీర్ఘకాల చికిత్స, ఓపీడీ (ఆస్పత్రిలో చేర్చుకోకుండా చేసే వైద్యం), తప్పిపోవడం, థర్డ్ పార్టీ లయబిలిటీ (కుక్క బయటివాళ్లకు చేసిన నష్టం) ఇవన్నీ విడిగా జోడించుకోవాలి. చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ ఉంటే 5 శాతం తగ్గింపు. పాలసీ వచ్చినప్పుడు పెట్టిన వయసు హద్దులు చూస్తే, చేర్చుకోవడం మూడు నెలల వయసు నుంచి మొదలవుతుంది. చిన్న, మధ్య, పెద్ద జాతులకు ఏడేళ్ల దాకా, గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులకు నాలుగేళ్ల దాకానే. ఆ తర్వాత వేరే కంపెనీలూ దిగాయి, పిల్లులకు ఇచ్చేవీ ఉన్నాయి. షరతులు ఏటా మారుతుంటాయి కాబట్టి కొనే ముందు రంగుల బ్రోచర్ పక్కన పడేసి, షరతులన్నీ పూర్తిగా రాసుండే పాలసీ వర్డింగ్ అనే పీడీఎఫ్ అడిగి తీసుకోండి. బ్రోచర్ చూపించి క్లెయిమ్ గెలవడం కష్టం.

అసలు ఖర్చు ఎటు పోతోంది?

హైదరాబాద్‌లో 28 కిలోల లాబ్రడార్ ఉన్న ఇంటి పద్దు ఒకటి వేద్దాం. ధరలు ఊరిని బట్టి, షాపును బట్టి అటూ ఇటూ అవుతాయి, దామాషా మాత్రం పెద్దగా మారదు. మధ్యరకం డ్రై ఫుడ్ నెలకు 11.5 కిలోలు, కిలో 240 చొప్పున 2,760. ఏడాదికి 33,120. ఏటా పలు జబ్బులకు కలిపి వేయించే టీకా, రేబిస్ టీకా రెండూ కలిపి 1,500. మూడు నెలలకోసారి నట్టల మందు: పది కిలోల బరువుకు ఒక మాత్ర రకమైతే విడతకు మూడు, ఏడాదికి పన్నెండు, 60 చొప్పున 720. గోమార్ల మందు 6,000. ఏడాదిలో నాలుగుసార్లు డాక్టర్ దగ్గరికి వెళితే 500 చొప్పున 2,000. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అయిదు రోజుల బోర్డింగ్ 3,000. మొత్తం 46,340, అంటే నెలకు సుమారు 3,860.

ఇందులో మూల పాలసీ ఇచ్చేది సున్నా. తిండి, టీకాలు, నట్టల మందు, గ్రూమింగ్, బోర్డింగ్, ఆపరేషన్‌తో పిల్లలు పుట్టకుండా చేయించడం, ఇవేవీ సాధారణంగా బీమా కిందికి రావు. ఇన్సూరెన్స్ తీసుకుంటే కుక్క ఖర్చు తగ్గుతుందనుకోవద్దు, ఆ 3,860 మీద ప్రీమియం అదనంగా వచ్చి పడుతుంది. మనుషుల మెడిక్లెయిమ్‌కు ఆదాయపు పన్ను పాత విధానంలో దొరికే మినహాయింపు కూడా దీనికి లేదు.

పద్దు తగ్గించాలంటే చెయ్యి పెట్టాల్సింది తిండి మీదే. ఖర్చులో 70 శాతం పైన అదే. సంచి వెనకాల రాసిన గ్రాముల్లో పై అంకె బాగా పరుగెత్తే కుక్కకు. అపార్ట్‌మెంట్‌లో ఉండి రోజుకు రెండుసార్లు ఇరవై నిమిషాలు నడిచే కుక్కకు కింది అంకె చాలు. కప్పుతో కొలిస్తే గోపురంలా నింపేస్తాం. వంటింటి త్రాసు మీద తూచి పోయండి. పది శాతం ఎక్కువ పోయడం ఆగితే నెలకు 276 మిగులుతుంది, కుక్క కీళ్ల మీద బరువూ తగ్గుతుంది. పెద్ద కుక్కకు డ్రై ఫుడ్ సగం చేసి అన్నం, ఉడికించిన గుడ్డు, చికెన్ కలిపి పెట్టినా నడుస్తుంది. ఎదిగే కుక్కపిల్లను మాత్రం పెరుగన్నం మీద నెట్టుకురావద్దు. కాల్షియం చాలక కాళ్లు వంకర్లు పోతాయి, ఆ ఎక్స్‌రేలకు, మందులకు అయ్యే ఖర్చు ముందు సంచి ధర చిన్నదైపోతుంది.

చెయ్యి పెట్టకూడనిది గోమార్ల మందు. నెలకు అయిదు వందలు మిగుల్చుకుందామని వర్షాకాలంలో ఆపేస్తారు, సరిగ్గా అవి విజృంభించేది అప్పుడే. గోమార్లు కుట్టి అంటించే టిక్ ఫీవర్ వస్తే రక్త పరీక్షలు, ప్లేట్‌లెట్లు పడిపోతే సెలైన్లు, అందులో ఎర్లిచియా అనే బ్యాక్టీరియా రకం అయితే డాక్సీసైక్లిన్ 28 రోజుల కోర్సు, మళ్లీ పరీక్ష.

పాలసీ జారిపోయే చోటు

పైన చెప్పిన టిక్ ఫీవర్నే తీసుకోండి. మన ఊళ్లలో కుక్కల్ని క్లినిక్‌కు తెచ్చే జబ్బుల్లో అది ముందుంటుంది. వైద్యం ఎలా జరుగుతుంది? పొద్దున తీసుకెళితే సెలైన్ ఎక్కిస్తారు, ఇంజెక్షన్లు ఇస్తారు, సాయంత్రం ఇంటికి పంపేస్తారు. ఇలా నాలుగైదు రోజులు. రాత్రి ఉంచుకునే సౌకర్యం, సిబ్బంది చాలా క్లినిక్‌లకు లేవు. బిల్లు ఎనిమిది వేలు అవుతుంది. పాలసీ వర్డింగ్‌లో ‘ఆస్పత్రిలో చేరిక’ అనే మాటకు ఇరవై నాలుగు గంటల అడ్మిషన్ అని నిర్వచనం ఉంటే ఆ ఎనిమిది వేలూ ఓపీడీ ఖర్చే. ఓపీడీ కవర్ కొనకపోతే రూపాయి రాదు. వాంతులు విరేచనాలు, చర్మం జబ్బులు, చెవి ఇన్ఫెక్షన్లు అన్నిటిదీ ఇదే దారి. కాబట్టి ప్రీమియం కట్టే ముందు మీరు వెళ్లే క్లినిక్‌లో ఒక ప్రశ్న అడగండి: రాత్రి అడ్మిట్ చేసుకుంటారా, డిశ్చార్జ్ సమ్మరీ ఇస్తారా? లేదంటే మూల పాలసీ మీకు దాదాపు సర్జరీ పాలసీ మాత్రమే.

సర్జరీ పాలసీగా చూస్తే మాత్రం తీసిపారేసేది కాదు. స్కూటర్ తగిలి కాలు విరిగి ప్లేటు వేయాల్సి రావడం, ఆడకుక్కకు గర్భసంచిలో చీము పట్టడం, పిల్లకుక్క సాక్సో మామిడి టెంకో మింగి పేగులో అడ్డం పడడం, ఇవి చెప్పి రావు, ఒక్క దెబ్బకు నెల జీతంలో పెద్ద ముక్క తీసుకుపోతాయి. గర్భసంచి చీముకైతే పాలసీకన్నా మంచి మందు ముందే ఆపరేషన్ చేయించేయడం. గర్భసంచి తీసేశాక ఆ బెడద దాదాపు ఉండదు. ఆ ఖర్చు బీమా ఇవ్వకపోయినా పెట్టండి.

పిల్లకుక్కలకు వాంతులు, రక్త విరేచనాలు పట్టించే పార్వో వైరస్ విషయంలో ఇంకో మెలిక ఉంది. టీకాతో ఆపగలిగే జబ్బు టీకా వేయించకపోవడం వల్ల వస్తే క్లెయిమ్ ఇవ్వరు. బూస్టర్ రెండు నెలలు ఆలస్యమైనా పట్టుకుంటారు. పాలసీ మొదలైన కొత్తలో వచ్చే జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని తొలి రోజుల గడువు, అడ్డొస్తుంది. పాలసీ ముందు నుంచీ ఉన్న తుంటి సమస్య, అలర్జీ లాంటివి ఎలాగూ రావు.

రెండు తేదీల మధ్య

కాలు విరిగింది, బిల్లు 32,000 అనుకుందాం. తిండి, బెల్టు, పాలసీలోకి రాని సరుకులు తీసేస్తే క్లెయిమ్‌కు నిలిచేది 28,000. పది శాతం కో-పే, అంటే క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన వాటా, ఉంటే 2,800 మీ నెత్తిన. కంపెనీ ఇచ్చేది 25,200. మీకు పడింది 6,800, దానికి ఆ ఏడాది ప్రీమియం 4,000 కలిపితే 10,800. పాలసీ లేకపోతే 32,000. కాగితం మీద మంచి బేరమే.

కానీ చాలాచోట్ల ఇది రీయింబర్స్‌మెంట్ పద్ధతి, అంటే ముందు మనం కట్టి తర్వాత కంపెనీ దగ్గర తీసుకోవడం. క్యాష్‌లెస్ ఇచ్చే పశువుల ఆస్పత్రి మీ ఊళ్లో ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ఉండకపోతే 32,000 ఆ రోజే కట్టాలి. కార్డు గీకుతారు. కార్డు బకాయి పూర్తిగా కట్టేసే అలవాటున్న ఇంటికి గడువు తేదీ దాకా వడ్డీ ఉండదు. ఇప్పటికే బకాయి తిప్పుతున్న కార్డు మీద ఆ వెసులుబాటు పోతుంది, కొత్త గీకుడికి గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. నెలకు 3.5 శాతం అంటే 32,000 మీద 1,120, దాని మీద 18 శాతం జీఎస్టీ 201.60. క్లెయిమ్ తేలడానికి రెండు నెలలు పట్టినా 2,600 పైన వడ్డీకే పోయింది. వచ్చిన 25,200ను ఆ రోజే కార్డుకు కట్టేయాలి. జీతం ఖాతాలో పడి కరెంటు బిల్లులో, స్కూలు ఫీజులో కలిసిపోతే, బీమా డబ్బు వచ్చినా కుక్క అప్పు మిగిలే ఉంటుంది.

మరి 60,000 కార్డు బకాయి ఉన్న ఇల్లు ఏం చేయాలి? ఆ బకాయి మీద నెల వడ్డీ 2,100, జీఎస్టీ 378, వెరసి 2,478. నెలకు 3,000 కడితే అసలులో తగ్గేది 522. కుక్క కోసం ఏడాదికి 4,000 ప్రీమియం కట్టే ముందు ఈ 522ను పెంచడమే పని. అలాగని చేతిలో పైసా ఉంచకుండా అంతా కార్డుకు కట్టేయమనీ చెప్పను. లిమిట్ నిండిన కార్డుతో అర్ధరాత్రి క్లినిక్ ముందు నిలబడితే కుదరదు, అడ్వాన్సు యూపీఐలోనో నగదుగానో అడిగే చోట్లు ఎక్కువ. అందుకే అడ్మిషన్ అడ్వాన్సుకు సరిపడా ఒక 10,000 మాత్రం విడి ఖాతాలో ఉంచాలి. ఆ పదివేలు కార్డుకు కట్టకుండా ఉంచినందుకు నెలకు 413 రూపాయల వడ్డీ నడుస్తోందని తెలిసే ఉంచాలి. అంతకు మించి మిగిలిందల్లా కార్డుకే. కార్డు తీరాక అదే డబ్బులోంచి నెలకు 1,200 రికరింగ్ డిపాజిట్ పెట్టుకుంటే ఏడాదికి 14,400, పైన వడ్డీ. ప్రీమియం అప్పుడు ఆలోచించవచ్చు.

చిట్టీ మీద ఆధారపడొద్దు. కుక్కకు కాలు విరిగిన నెలలోనే పాట మనకు దక్కాలని లేదు, దక్కినా తొందరలో ఎక్కువ తగ్గించి పాడాల్సొస్తుంది. పెద్ద సర్జరీ వచ్చిపడి చేతిలో డబ్బు లేకపోతే కార్డుకన్నా బ్యాంకు గోల్డ్ లోను మేలు. 40,000 మీద ఏడాదికి పది శాతం చొప్పున అయితే నెలకు 333. అదే 3.5 శాతం కార్డు మీద జీఎస్టీతో 1,652. కొన్ని పెద్ద క్లినిక్‌లు నో కాస్ట్ ఈఎంఐ అంటాయి. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, జీఎస్టీ దేని మీద, రొక్కం ఇస్తే బిల్లులో తగ్గింపు ఉందా, ఈ మూడూ అడిగాకే సంతకం పెట్టండి. రొక్కానికి రెండు వేలు తగ్గిస్తామన్నారంటే ఆ రెండు వేలే వడ్డీ.

కాగితాల పని

క్లెయిమ్‌లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ముందు టీకాల పుస్తకం తెరిచి చూడండి. ప్రతి టీకాకు సీసా మీది స్టిక్కర్ ఒలిచి అతికించి ఉండాలి, దాని మీద బ్యాచ్ నంబరు కనిపించాలి. పక్కన తేదీ, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న ముద్ర. స్టిక్కర్ ఉండి ముద్ర లేకపోతే అది ఎవరో ఇంట్లో వేసిన టీకా కింద లెక్క. మెడికల్ షాపులో కొని తెలిసిన కాంపౌండర్‌తో వేయిస్తే మూడొందలు మిగులుతాయి, ఆ గడి మాత్రం బీమాకు పనికిరాదు. ఏటా జూలై 6న జునోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. పుస్తకం పట్టుకెళ్లి అక్కడే ముద్ర వేయించుకోండి. రద్దీలో వాళ్లు మర్చిపోతారు, మనం అడగాలి.

కుక్క గుర్తింపు రెండో గొడవ. పాలసీలో ‘బ్రూనో, మూడేళ్లు, గోధుమ రంగు’ అనీ, క్లినిక్ పుస్తకంలో ‘బున్నీ, నాలుగేళ్లు’ అనీ ఉంటే ప్రశ్నలు మొదలవుతాయి. పేరు, వయసు, రంగు, జాతి అన్నిచోట్లా ఒకేలా రాయించండి. దేశీ కుక్కల్లో ఒకే పోలికవి పది ఉంటాయి కాబట్టి మైక్రోచిప్ వేయిస్తే సగం తలనొప్పి పోతుంది. 15 అంకెల చిప్ నంబరు ప్రిస్క్రిప్షన్ మీద, బిల్లు మీద కూడా రాయమనండి.

లెటర్‌హెడ్ మీద ‘సర్జరీ 32,000’ అని ఒక్క ముక్క రాసిచ్చేది బిల్లు కాదు. మత్తు, ఆపరేషన్, ప్లేటు, మందులు, రోజుకు గది ఖర్చు విడివిడిగా ఉండాలి. మందుల షాపు బిల్లులో ఉన్న ప్రతి మందూ ఏదో ఒక ప్రిస్క్రిప్షన్‌లో కనిపించాలి. కేస్ షీట్ నకలు, డిశ్చార్జ్ సమ్మరీ, ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలు అదే రోజు తెచ్చుకోండి, నెల తర్వాత అడిగితే వెతకాలంటారు. అడ్మిట్ చేసిన గంటల్లోనే కంపెనీకి మెయిల్ పెట్టండి, ఎన్ని గంటల్లో తెలపాలో వర్డింగ్‌లో ఉంటుంది. కుక్క చనిపోతే పూడ్చే ముందు ఫోటోలు, డాక్టర్ సర్టిఫికెట్, కంపెనీ అడిగితే పోస్ట్‌మార్టం. ఆ బాధలో ఇవి గుర్తుండవు కాబట్టి జాబితా టీకాల పుస్తకంలోనే పెట్టుకోవడం మంచిది.

ప్రభుత్వ ఆస్పత్రుల మాట కూడా ఇక్కడే. నారాయణగూడలోని సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులు ప్రైవేటుతో పోలిస్తే చాలా చవక. అప్పుల్లో ఉన్న ఇంటికి పాలసీకన్నా ముందు గుర్తు రావాల్సిన చోట్లివి. కాలేజీ ఆస్పత్రుల్లో సర్జన్లు పాఠం చెప్పే ప్రొఫెసర్లు కాబట్టి ఎముకల కేసులకు వెనకాడక్కర్లేదు. ఇబ్బంది వేళలతో: పొద్దున్నే వెళ్లాలి, లైన్లో ఉండాలి, కొన్ని మందులు బయట కొనాలి, అంటే జీతం కోసుకునే ఉద్యోగమైతే ఆ రోజు కూలీ కూడా ఖర్చులో వేసుకోవాలి. బీమా ఉన్నవాళ్లు ఇక్కడ ఓపీ చీటీతో సరిపెట్టుకోకుండా కేస్ షీట్ నకలు అడిగి తీసుకోవాలి.

ఎవరూ పట్టించుకోని కవర్

థర్డ్ పార్టీ లయబిలిటీని ఏజెంట్లు చివర్లో, అదీ అడిగితేనే చెబుతారు. లిఫ్టులో మీ కుక్క పక్కింటి పిల్లాడిని కరిచిందనుకోండి. కండరంలోకి వేసే టీకా అయిదు డోసులు, 0, 3, 7, 14, 28 రోజుల్లో. చర్మం చీరి రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు) కూడా. ప్రభుత్వాస్పత్రిలో వేయిస్తామంటే పిల్లాడి ఇంటివాళ్లు ఒప్పుకోకపోవచ్చు. కుట్లు, ప్లాస్టిక్ సర్జరీ దాకా వెళితే కుక్కకు జీవితమంతా పెట్టినంత ఖర్చు ఒక్కసారే మీద పడుతుంది. ఈ కవర్ నష్టపరిహారానికి పనికొస్తుంది. జంతువును జాగ్రత్తగా ఉంచనందుకు భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద పడే జరిమానాకు కాదు. ఆ సెక్షన్‌లో ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కవర్ ఉన్నా రేబిస్ టీకా గడువు దాటి ఉంటే కంపెనీ తప్పుకోవడానికి దారి దొరుకుతుంది. రాట్‌వీలర్, పిట్‌బుల్ లాంటివి ఉన్న ఇళ్లు, మీ జాతిని ఈ కవర్‌లోంచి మినహాయించారేమో చూసుకుని గానీ డబ్బు కట్టొద్దు. పిల్లలు తిరిగే అపార్ట్‌మెంట్‌లో మధ్యరకం, పెద్ద కుక్క ఉంటే, అప్పులున్నా సరే, విడిగా అమ్మితే ఈ ఒక్క కవర్ కొనమని చెబుతాను.

క్లెయిమ్ తిరస్కరిస్తే కాల్ సెంటర్‌తో వాదిస్తూ కూర్చోవద్దు. ఏ క్లాజు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా అడగండి. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి మెయిల్, తర్వాత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ, యానానికీ హైదరాబాద్ ఆఫీసే. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. తిరస్కరణ లేఖ వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి.

రెన్యువల్ తేదీని ఈఎంఐల పక్కనే క్యాలెండర్‌లో రాసుకోండి. ఒక్కరోజు దాటినా కొన్ని కంపెనీలు కొత్త పాలసీగా లెక్కేసి వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటి నుంచి పెడతాయి, ఈలోగా వచ్చిన జబ్బు ముందు నుంచీ ఉన్న జబ్బు అయిపోతుంది. కుక్క పాలసీ వయసు హద్దుకు దగ్గరైతే, ఆగిపోయే ప్రీమియాన్ని ఆ నెల నుంచే రికరింగ్ డిపాజిట్‌లోకి మళ్లించండి. ముసలి కుక్కకు మూత్రపిండాల పరీక్షలు, పళ్ల క్లీనింగ్, కీళ్ల మందులు మొదలయ్యేది అప్పుడే, వాటిని ఏ పాలసీ తేలిగ్గా ఇవ్వదు.